తువ్వాల కింద బేరం

మా ఆయన నాతో బజారుకు రావడం పెళ్లైన కొత్తలోనే మానుకున్నాడు. నేను వంకాయల మనిషితో మాట్లాడుతున్నంతసేపూ ఆయన పక్క దుకాణం బోర్డు చదువుతున్నట్టు నటిస్తూ నిలబడేవాడు. కొన్నాళ్లకు గద్వాలలో ఆయన చదవని బోర్డు మిగల్లేదు. ఇందులో నా తప్పేమీ లేదు. నేను స్టీలు సామాన్ల దుకాణం మెట్ల మీద పెరిగాను. మా నాన్న గల్లా దగ్గర, ఎదురుగా బట్టల కొట్టులో మా చిన్నాన్న, పెబ్బేరు సంతలో పశువుల దలాలీ చేస్తూ మా మేనమామ. చెప్పిన ధరకు ఎవరైనా మారుమాట లేకుండా గిన్నె కొనుక్కుపోతే, ఆ మనిషికి ఒంట్లో బాగుందో లేదో చూడడానికి మా నాన్న గడప దాకా వచ్చేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టినదానికి పిల్లల మనసులు చూసుకునే పని అప్పగించారు. ఆ ఎంపిక ఎంత శాస్త్రీయంగా జరిగిందో చెప్పాలి.

మాది వనపర్తి జిల్లాలో ఆడపిల్లల హాస్టలు బడి. నేను లెక్కలు చెబుతాను. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం గద్వాల ఇంటికి పోయి, డ్యూటీ వంతు పడిన ఆదివారం పొద్దున్నే తిరిగి వస్తాను. ఒక రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లల సామాజిక, భావోద్వేగ అవసరాలు చూసుకోవడానికి ప్రతి బడి నుంచి ఒక ఉపాధ్యాయురాలు శిక్షణ పొందాలట. మా ప్రధానోపాధ్యాయురాలు, అంటే మేమందరం హెచ్చెం మేడం అని పిలిచే ఆవిడ, స్టాఫు రూములోకి వచ్చి చుట్టూ చూసింది. తెలుగు మేడంకు ఏడో నెల. సైన్సు మేడంకు నడుము నొప్పి. హిందీ మేడం ఆ చూపు తన మీద పడకముందే బాత్రూముకు పోయింది.

"నువ్వు పోవమ్మా. నీకు నోరుంది," అంది నాతో.

"నోరుంటే సరిపోతదా మేడం? దీనికి చెవులు గావాలేమో."

"చెవులు వాళ్లే ఇస్తరు. ట్రైనింగ్ అంటే మరేంది?"

శిక్షణ నాగర్‌కర్నూల్‌లో జరిగింది. ఫ్యాను కింద కుర్చీలన్నీ ముందు వచ్చినవాళ్లు పట్టుకున్నారు. చివరి రోజుకు నేనూ ఒకటి సంపాదించాను, ఎలాగని అడగకండి. హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకురాలిది ఎంత మెత్తటి గొంతు అంటే, మధ్యాహ్నం భోజనాల తర్వాత సగం హాలు ఆ గొంతు మీదే తల పెట్టుకుని నిద్రపోయింది. ఆమె చెప్పినదాంట్లో నాకు గుర్తున్నది ఒకటే. పిల్లలు ఏ భావం చెప్పినా దాన్ని తగ్గించి చూడకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకోవాలి. నేను బుద్ధిగా తల ఊపాను. అందరూ ఊపారు. సమోసాలు వచ్చే వేళ అయింది మరి.

తిరిగి వచ్చేటప్పుడు ఒక చార్టు, ఒక గుడ్డ బంతి ఇచ్చారు. చార్టు మీద వరసగా పసుపుపచ్చ గుండ్రటి మొహాలు. నవ్వేది ఒకటి, ఏడ్చేది ఒకటి, కోపంగా ఉండేది ఒకటి, ఏదీ పట్టనట్టు ఉండేది ఒకటి. ఆ చివరిది అచ్చం మా హెచ్చెం మేడంలా ఉంటుంది. ఈ సంగతి బడిలో అందరూ గమనించారు గానీ ఎవరూ పైకి అనలేదు.

రోజూ ప్రార్థన అయ్యాక, టిఫిను గంట కొట్టకముందు, పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి. బంతి ఎవరి చేతికి వస్తే వాళ్లు తమ మొహం ఏదో చార్టులో చూపించి, మనసులో మాట చెప్పాలి. మొదటి వారంలోనే ఆరో తరగతి పిల్ల ఒకతి ఏడ్చే మొహం చూపించింది. బోణీ అయిందని నాకు సంబరం. శిక్షణలో చెప్పినట్టే అడిగాను. ఎందుకు, ఎప్పటి నుంచి, ఆ బాధ ఒంట్లో ఏ భాగంలో ఉన్నట్టుంది, దానికి రంగు వేస్తే ఏ రంగు. ఆ పిల్ల రంగు ఆలోచించే లోపల వంటగదిలో ఉప్మా చల్లారి గట్టిపడింది. మిగతా పిల్లలు ఆమెను చూసిన చూపుకు సరిపడే మొహం చార్టులో లేదు.

మర్నాటి నుంచి బంతి చేతిలో పడడమే ఆలస్యం, "ఖుషీ మేడం", "ఖుషీ మేడం", "ఖుషీ మేడం". బంతి చుట్టూ తిరిగి నా దగ్గరికి రావడానికి అగ్గిపుల్ల గీసినంత సేపు పట్టేది. మా బడిలో దుఃఖం లేదని హెచ్చెం మేడం పైకి రిపోర్టు పంపింది. పైవాళ్లు చాలా మెచ్చుకున్నారట.

ఒక్క పిల్ల మాత్రం ఈ ఖుషీలో కలవలేదు. ఎనిమిదో తరగతి, గట్టు దగ్గర ఒక పల్లె. అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగు పనికి పోయి చాలా ఏళ్లయింది. ఈ పిల్ల కూడా చిన్నప్పుడు అక్కడే, వాళ్ల షెడ్డులో పెరిగింది. ఊళ్లో ఉన్నది అవ్వ ఒక్కతే. పోయిన వేసవి సెలవులు అమ్మానాన్నల దగ్గర గడిపి వచ్చినప్పటి నుంచి మా బడిలో ఎవరితోనూ మాట్లాడడం లేదు. మరీ విసిగిస్తే "బేడ" అనేది, కన్నడంలో వద్దని. బంతి చేతికి వస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మాట్లాడేది కాదు, ఇచ్చేదీ కాదు. ఒక రోజు పిల్లలు ఆకలికి గొణిగితే, బంతిని కిటికీలోంచి బోరింగు బురదలోకి విసిరింది. నా నాగర్‌కర్నూల్ చదువు సగం అలా బురద పాలైంది.

దాన్నైనా భరించొచ్చు. ఆదివారం వస్తే ఎవరో ఒకరిని కొట్టేది. ఒక ఆదివారం అన్నం పళ్లెంతో పక్క పిల్ల నుదుటి మీద కొట్టింది. దవాఖానాలో కుట్లు పడ్డాయి. దెబ్బ తిన్న పిల్ల తల్లి అయిజ నుంచి వచ్చి, ఆఫీసు ముందు కూర్చుని, మా ఒక్కొక్కరి వంశాన్నీ పేరుపేరునా తలుచుకుంది.

"దసరా సెలవుల దాక చూస్త," అంది హెచ్చెం మేడం, ఆవిడ వెళ్లిపోయాక. "అప్పటి దాక మల్లొకర్ని కొట్టిందంటే వాళ్లవ్వను పిలిచి ఇంటికి తోలేస్త. నీ బంతులు, నీ బొమ్మలు నాకు చెప్పకు."

"తోలేస్తే ఆ పిల్ల ఏడికి పోతది మేడం?"

"ఏడికి పోతదో నాకు తెల్వదా? మరి మిగిలిన పిల్లల నెత్తులు గూడ నేనే చూడాలె గద."

ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. గట్టు, అయిజ వైపు విత్తన పత్తి చేలు ఎక్కువ. ఆ చేలల్లో ఒక పువ్వు పుప్పొడిని తెచ్చి ఇంకో పువ్వుకు చేత్తో రుద్దాలి. దాన్ని క్రాసింగు అంటారు. పొద్దున్నుంచి వంగి చేసే పని, చిన్న వేళ్లుంటే చురుగ్గా సాగుతుంది. అవ్వ ఆ కూలికే పోతుంది. ఈ పిల్ల ఒక పంట కాలమంతా ఆ పని చేసి వచ్చినదే. క్రాసింగు అయ్యాక పత్తి ఏరడం, ఏరడం అయ్యాక ఇంకోటి. దసరాకు చేనిలో దిగిన ఆడపిల్ల మళ్లీ బడి గేటు తోసుకుని రావడం మేమెవరం పెద్దగా చూడలేదు. ఈ సంగతి మాకంటే ఆ పిల్లకే బాగా తెలుసు. తెలిసీ పళ్లెం ఎత్తుతోంది.

నాకు వచ్చిన విద్య ఒకటే కాబట్టి బేరానికి దిగాను. క్లాసులో కిటికీ పక్క చోటు ఇస్తానన్నాను. కొత్త జామెట్రీ పెట్టె చూపించాను. ఆదివారం గుడ్డు కూరలో నా గుడ్డు కూడా ఇస్తానన్నాను. ఆ పిల్ల కన్నెత్తి చూడలేదు. ఏదీ అక్కర్లేని గిరాకీ అంటే దుకాణదారులకు వణుకు. వాళ్లు ఏదో ఒకటి అడిగితేనే కదా మనం కుదరదనడానికి.

ఆ శనివారం గద్వాలకు పోతుంటే బస్సు పెబ్బేరులో ఆగిపోయింది. సంతకు వచ్చిన ఎద్దులు రోడ్డు పట్టుకున్నాయి. నా కిటికీ కింద ఇద్దరు మనుషులు తువ్వాల కింద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. చిన్నప్పుడు మామయ్య పక్కన నిలబడి ఇది ఎన్నిసార్లు చూశానో. పశువు ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు, పట్టిన వేళ్ల లెక్కే ధర. కొనేవాడు ఒక వేలు మడుస్తాడు, అమ్మేవాడు దాన్ని మళ్లీ నిలబెడతాడు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటారు. చుట్టూ సంతంతా మూగినా ఆ ధర ఆ ఇద్దరిదే. ఎద్దు ధర కూడా నలుగురి ముందు చెప్పుకోని ఊళ్లలో పుట్టి, నేను పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, లోపల ఉన్నదంతా అందరి ముందూ పరచమంటున్నాను. అదీ టిఫినుకు ముందు.

సోమవారం మా ఆయన తువ్వాల ఒకటి సంచిలో వేసుకుని బడికి వచ్చాను. సాయంత్రం ఆటల వేళ ఆ పిల్ల వరండా చివర ఒంటరిగా కూర్చుని ఉంటే పక్కన చేరాను.

"తువ్వాల కింద చెయ్యి పెట్టు," అన్నాను. "మాట్లాడొద్దు. నా దిక్కు చూడొద్దు గూడ. లోపల జర బాగలేకుంటే నాది ఒక వేలు పట్టుకో. శానా బాగలేకుంటే ఐదు."

ఆ పిల్ల నన్ను చూసిన చూపులో జాలి ఉంది. అయినా చెయ్యి పెట్టింది. ఎదురుగా తీగ మీద ఆరేసిన యూనిఫారాలను చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. ఒక వేలు పట్టుకుంది. చాలాసేపటికి ఇంకో వేలు. అంతలో హిందీ మేడం అటుగా పోతూ ఆగింది.

"ఏం మేడం, ఎద్దు ఎంతకు తెగింది?"

"ఇంకా నోరు తెరిపించి పండ్లు చూస్తున్న మేడం," అన్నాను.

తువ్వాల కింద చెయ్యి కదిలింది. పక్కకు చూస్తే ఆ పిల్ల పెదవులు బిగబట్టుకుని ఉంది. నవ్వు ఆపుకుంటుందనే నేను అనుకున్నాను. శిక్షణ పొందినదాన్ని కదా, ఏదైనా అనుకోవచ్చు.

అలా రోజూ సాగింది. వారం మధ్యలో ఒకటీ రెండూ. శనివారానికి మూడు. ఆదివారం నాకు డ్యూటీ పడింది. మధ్యాహ్నం అన్నాలకు ముందు ఆ పిల్ల తనే వచ్చి పక్కన కూర్చుని తువ్వాల కింద చెయ్యి దూర్చింది. నాలుగు వేళ్లు, గట్టిగా.

తర్వాత జరిగినదానికి నా తలతో సంబంధం లేదు, అంతా చేతిదే. నాలుగు వేళ్లు పడగానే నా చెయ్యి తనంతట తాను ఒక వేలు మడిచి మూడు చేసింది.

ఆ పిల్ల చెయ్యి లాక్కుంది. తువ్వాల కింద పడింది.

"అది నాది మేడం. మీరెట్ల తగ్గిస్తరు?"

ఆ ఏడాది మా బడిలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి నిండు మాట అది. నాగర్‌కర్నూల్‌లో మెత్తటి గొంతుతో చెబితే నాకు తలకెక్కనిది ఇప్పుడు ఎక్కింది.

"తప్పయింది," అన్నాను. "అలవాటు. మా ఇంట్ల అందరం గంతే. నాలుగంటే నాలుగే."

"ఇప్పుడు ఐదు."

"సరే, ఐదే."

అవతలివాళ్లు ధర పెంచితే మారుమాట లేకుండా ఒప్పుకున్నది నా జన్మలో అదొక్కసారే. బహుశా ఆ ఆశ్చర్యానికేనేమో, ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది.

"నాయిన ఫోన్ ఎత్తడు."

మిగతాది ఒక్కో ముక్కా అడిగి రాబట్టాను. మా హాస్టలుకు ఒకటే ఫోను. ఆదివారం పొద్దున పిల్లలంతా వరసలో నిలబడి ఇళ్లకు మాట్లాడతారు. అవతల ఎత్తకపోతే వరస చివరికి పోయి మళ్లీ నిలబడాలి. ఆ వేళకు ఈ పిల్ల తండ్రి స్లాబు మీద పనిలో ఉంటాడు, ఫోను కింద షెడ్డులో ఉంటుంది. తల్లి ఇంకో బిల్డింగులో. రాత్రి అన్నాల వేళకు గానీ ఇద్దరూ షెడ్డుకు చేరరు. ఈ పిల్ల వరసలో నిలబడుతుంది, ఫోను మోగి మోగి ఆగుతుంది, వెనక్కి పోతుంది, మళ్లీ ముందుకు వస్తుంది, ఈలోగా అన్నం గంట కొడతారు. అన్నం దగ్గర ఎవరో ఒకరు, "మీ నాయిన ఇయ్యాల గూడ ఎత్తలేదానే?" అంటారు. పళ్లెం లేస్తుంది.

"మరి వార్డెన్ మేడంకు చెప్పొద్దా?" అన్నాను.

"అందరి ముందల్నా?"

తువ్వాల దులిపి మడత పెట్టుకున్నాను.

ఈలోగా తువ్వాల సంగతి హాస్టలంతా పాకింది. వరండాలో నా ముందు వరస మొదలైంది. ఏడో తరగతి పిల్ల ఒకతి మూడు వేళ్లు పట్టుకుని, "ఇది నిన్నటిది మేడం, ఇయ్యాలటిది ఇంకా కాలే," అంది. ఇంకొకతి ఐదు వేళ్లూ పిసికి వదిలితే కంగారుపడి కారణం అడిగాను. నేనిచ్చిన హోంవర్కట. పొద్దున గుండ్రంగా కూర్చుని అందరూ ఖుషీ, సాయంత్రం తువ్వాల కింద ఎవరి లెక్క వాళ్లది. రిపోర్టుకు పనికొచ్చేది మాత్రం పొద్దుటిదే.

నేను హెచ్చెం మేడం గదికి పోయాను. బేరంలో మొదటి మాట ఆకాశంలో ఉండాలని మా ఇంటి పద్ధతి.

"రోజూ రాత్రి అన్నాలైనంక పిల్లలందరికీ ఫోన్ ఇయ్యాలె మేడం."

"నీకు మతి ఉండే అంటున్నవా?"

"పోనీ, వారంల రెండు మూడు దినాలు."

"కుదరదు."

"ఒక్క దినం. ఒక్క పిల్లకు." విషయమంతా చెప్పాను.

"ఒక్కదానికి ఇస్తే అందరు అడుగుతరు. ఆదివారం పొద్దుగాల అంటే ఆదివారం పొద్దుగాలనే."

ఇక మిగిలింది లేచి పోవడం. గిరాకీ లేచి పోతుంటే దుకాణదారు వెనక్కి పిలుస్తాడు. ఇది తప్పిన రోజు నేను చూడలేదు. "సరే మేడం, మీ ఇష్టం," అని లేచి, మెల్లగా నడిచి, గడప దాటాను. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వరండాలో కాసేపు వంగి నిలబడ్డాను. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"ఆ తలుపు దగ్గరికెయ్యమ్మా, దుమ్మొస్తున్నది."

తర్వాతి ఆదివారం కూడా డ్యూటీ నాదే. ఫోను ఎప్పటిలాగే మోగి ఆగింది. అన్నం దగ్గర ఎవరో ఎప్పటిలాగే నోరు జారారు. పళ్లెం లేచింది. గాలిలో కాసేపు ఆగింది. తర్వాత ఆ పిల్ల దాన్ని కింద పెట్టి, లేచి, నేరుగా నా దగ్గరికి వచ్చి తువ్వాల కింద ఐదు వేళ్లూ పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో గానీ మర్నాడు క్లాసులో నాకు చాక్‌పీసు పట్టు దొరకలేదు. నా చెయ్యి ఈసారి బుద్ధిగా ఉంది. కానీ పళ్లెం లేచిన కబురు నాకంటే ముందే ఆఫీసుకు చేరింది.

"ఎత్తిందంట గద?" అంది హెచ్చెం మేడం.

"ఎత్తింది మేడం. దించింది గూడ."

"ఎత్తుడంటే సగం కొట్టినట్టే."

"అయితే సగం శిక్ష ఇయ్యుర్రి."

ఆమె మొహం చార్టులో చివరి మొహంలాగే ఉండిపోయింది. అవ్వకు కబురు పోయింది.

దసరా సెలవులిచ్చే రోజు అవ్వ వచ్చింది. ఎండకు నల్లబడిన సన్నటి మనిషి. ఆఫీసులో కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. ఆ పక్కనే పెట్టె సర్దుకుని మనవరాలు.

"తీస్కపొమ్మంటే తీస్కపోత టీచరమ్మా," అంది అవ్వ. "శేనుకాడ చేతులు తక్కువనే ఉన్నయ్."

నేను మొదలుపెట్టాను. ఆ పిల్ల లెక్కల్లో చురుకన్నాను. రాత మంచిదన్నాను. పళ్లెం దించడం ఎంత గొప్ప సంగతో చెప్పాను. సరుకును మరీ పొగిడితే కొనేవాడికి అనుమానం వస్తుందని నాకు తెలుసు. తెలిసీ పొగుడుతూనే ఉన్నాను. హెచ్చెం మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది. పొద్దున్నే శ్రీరంగాపూర్ గుడికి పోయి వచ్చినట్టుంది, నుదుటి మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. దేవుడి దగ్గర మెత్తబడి వస్తుందని ఆశపడ్డాను. ఆ జాడేమీ కనపడలేదు.

"మేడం, నేను చెప్త," అంది ఆ పిల్ల.

నేను మాట మధ్యలో ఆగిపోయాను. ఆ పిల్ల పెట్టె కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. నా వైపు చూడలేదు.

"ఆదివారం పొద్దుగాల నాకు ఫోన్ వద్దు. నన్ను లైన్ల నిలబెట్టొద్దు. రాత్రి అన్నం తిన్నంక ఇయ్యుర్రి. మా నాయిన అప్పుడైతేనే ఎత్తుతడు."

"ఇస్తే?" అంది హెచ్చెం మేడం.

"ఎవర్ని కొట్ట."

"మల్ల కొడ్తే?"

"కొడ్తే అవ్వ ఎంబడి పోత. మీరు పిలిపించే పని గూడ లేదు."

హెచ్చెం మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదే మాట ఇన్ని దినాలు నోరు తెరిచి ఎందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల బల్ల అంచు గీరింది. "మా నాయిన ఫోన్ ఎత్తడని చెప్తే, మంచోడు కాడనుకుంటరు."

హెచ్చెం మేడం కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది.

అవ్వ గోడ దగ్గరి నుంచి కదిలింది. "దీన్ని శేన్లకు తీస్కపోతే మాట లేకుంట పువ్వులు రుద్దుకుంటనే పోతది టీచరమ్మా. నీళ్లు తాగమన్నా పలకదు. నాకే బుగులు, భయమైతది," అంది హెచ్చెం మేడంతో. "ఈడ గిన్ని మాటలు మాట్లాడె. సెలవులైనంక నేనే తోల్కొస్త. ఈడనే ఉండనీ."

"ఉంటది సరే," అంది హెచ్చెం మేడం. "రాత్రి ఫోన్ కాడ ఎవరు కూసుంటరు? వార్డెన్ కూసోదు, ఆమెకు సరుకుల స్టాకు రాసుకునేసరికే తెల్లారుతది."

ముగ్గురూ నన్ను చూశారు. హెచ్చెం మేడం, అవ్వ, ఆ పిల్ల.

"నేను కూసుంట మేడం," అన్నాను.

ఏమీ అడగకుండా. దానికి బదులు ఆదివారం డ్యూటీ తీసేయమని అడగొచ్చు, పొద్దుటి ప్రార్థన తప్పించమని అడగొచ్చు, ఏదో ఒకటి అడగొచ్చు. ఆ తెలివి నాకు గేటు దాటి బస్సెక్కాక వచ్చింది. అప్పటికే కండక్టరు చిల్లర లేదంటున్నాడు. కనీసం అతనితోనైనా గొడవ పడ్డాను.

సెలవులు అయ్యాక అవ్వ చెప్పినట్టే మనవరాలిని తెచ్చి దించింది. కూడా ఒక గంపెడు సీతాఫలాలు. హెచ్చెం మేడం చెప్పిందీ నిజమైంది. ఒకదానికి ఇచ్చాం కాబట్టి అందరూ అడిగారు. ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్లో హాస్టలు ఫోను పెట్టుకుని, దోమలు కొట్టుకుంటూ కూర్చునేది నేనే. దాన్ని మా బడి కొత్త కార్యక్రమంగా హెచ్చెం మేడం పైకి రాసింది. పైవాళ్లు మెచ్చుకున్నారట. మెచ్చుకోలు ఆమెకు, దోమలు నాకు.

మొదటి రాత్రి ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు ఫోను రెండుసార్లు మోగేలోపే అవతల ఎత్తారు. కన్నడం సగం, తెలుగు సగం కలిపి మొదలుపెట్టింది. బెండకాయ కూరలో ఉప్పు లేదని, అవ్వకు మోకాళ్లు నొస్తున్నాయని, షెడ్డు పైన రేకు మార్చారా లేదా అని. ఇంత కష్టపడి కుదిర్చిన బేరంలో నా వాటా కొంచెం వినడమే కదా అని, కుర్చీ ఇంకాస్త అటు జరిపాను.

ఆ పిల్ల ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మేడం, జర అవతలికి పోర్రి."

"మెట్ల కాడ నిలబడ్త."

"నీళ్ల ట్యాంకు దాక."

"మెట్లు చాలు గదనే."

"ట్యాంకు దాక మేడం."

ట్యాంకు దాకా నడిచాను. అక్కడికి ఒక్క ముక్కా వినపడదు. ప్రయత్నించి చూశాను.